కొన్నది ఎవరిది?

తెలుగువారి ఇళ్లలో దినపత్రికకు జరిగినంత సమగ్రమైన వినియోగం మరే వస్తువుకూ జరగదేమో! ఉదయం గుమ్మం ముందు పడిన పత్రిక మొదట ఇంటి పెద్ద చేతికి పోతుంది. తరువాత పేజీలు విడిపోయి, సినిమా పేజీ వంటింటికీ, ఆటల పేజీ పిల్లలకూ, మిగిలినవి అరుగుమీద కూర్చున్నవారికీ చేరుతాయి. పక్కింటివారు అడిగితే ఇస్తారు. పాతబడిన తరువాత అలమర అరలలో పరుస్తారు. పిల్లల పుస్తకాలకు అట్టలు వేస్తారు. మిగిలిన కాగితాన్ని కట్టకట్టి పాత పేపర్లవాడికి తూకానికి అమ్మి, ఆ డబ్బులు పోపులపెట్టెలో వేసుకుంటారు. ఇంత ప్రయాణంలో ఎక్కడా పత్రికాధిపతి అనుమతి ఎవరికీ అవసరం కాలేదు. కొన్నవాడు కొన్నాడు, ఆపైన ఆ కాగితానికి అతడే ప్రభువు.

అదే పత్రికను చందా కట్టి సెల్‌ఫోనులో చదివే పాఠకుడి స్థితి వేరు. వార్త అతడికి ముందుగానే అందుతుంది. అక్షరాలను కావలసినంత పెద్దవిగా చేసుకోవచ్చు. కానీ గడువు తీరిన మరునాడు, తాను నిన్న చదివిన వ్యాసం కూడా అతడికి కనిపించకపోవచ్చు. పక్కింటివారికి ఇవ్వడానికి లేదు, తూకానికి అమ్మడానికి అసలే లేదు. అతడు చెల్లించినది డబ్బే. పొందినది మాత్రం వస్తువు కాదు, కొంతకాలంపాటు చదువుకునే అనుమతి.

వార్త, పాట, పుస్తకం, చలనచిత్రం అన్నీ ఈ దారినే నడుస్తున్నాయి. డిజిటల్ సాంకేతికత వీటి ధరను తగ్గించింది, దూరాన్ని తుడిచివేసింది. ఆ రెండు మార్పులూ అందరికీ కనిపిస్తున్నవే. మూడవ మార్పు అంతగా కనిపించదు. అది 'కొనడం' అనే మాట అర్థంలో వచ్చిన మార్పు.

చేతికందిన పాట

1902 నవంబరులో కలకత్తా నగరంలో గౌహర్ జాన్ గానాన్ని గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ రికార్డు చేశాడు. పాట ముగిసీ ముగియకముందే ఆమె తన పేరును ఇంగ్లీషులో ప్రకటించేది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్ నగరంలో కనుక, గాయని ఎవరో అక్కడి పనివారు గుర్తించడానికి ఈ ఏర్పాటు చేశారని చెబుతారు. 1908లో ఆ కంపెనీ కలకత్తాలోని సియాల్దాలోనే కర్మాగారం నెలకొల్పింది. అంతవరకు సభలో, దేవాలయంలో, జమీందారు దివాణంలో వినిపించి గాలిలో కలిసిపోయే పాట మొదటిసారిగా అంగడిలో దొరికే సరుకు అయింది. నల్లని పళ్లెం, దానిపై కుక్కబొమ్మ, కాగితపు తొడుగు. ఒకసారి వెల చెల్లిస్తే పళ్లెం అరిగేదాకా పాట ఇంట్లోనే ఉండేది.

గ్రామఫోను కలిగినవారి ఇంటి సొత్తు. పాటను సామాన్యుడి చేతికి తెచ్చినది కేసెట్టు. ఫిలిప్స్ సంస్థ 1963లో దీనిని లోకానికి పరిచయం చేసినా, మన దేశంలో దాని యుగం ఇరవై ఏళ్ల తరువాత ఆరంభమైంది. 1983లో గుల్షన్ కుమార్ టి-సిరీస్ సంస్థను స్థాపించాడు. పెద్ద కంపెనీల ధరకన్న తక్కువకు కేసెట్లు అమ్మాడు. సంగీత దుకాణం ఉన్న పట్టణానికే పరిమితమైన సరుకును కిరాణా కొట్టుకూ, పాన్ దుకాణానికీ చేర్చాడు. దశాబ్దాల తరబడి ఒకే కంపెనీ ఏలిన సంగీత వ్యాపారం ఆ దెబ్బకు తలకిందులైంది.

ఆ రోజులలో ఆంధ్ర దేశపు పట్టణాలలో వీధికొకటిగా వెలసిన కేసెట్ రికార్డింగు దుకాణాలను ఎరిగినవారు ఇంకా చాలామంది ఉన్నారు. కావలసిన పాటల పేర్లు కాగితంమీద రాసి, అరవై నిమిషాలదో తొంభై నిమిషాలదో ఖాళీ కేసెట్టు ఇచ్చి, రెండు రోజుల తరువాత వెళ్లి తెచ్చుకునేవారు. చట్టం దృష్టిలో అది తప్పే. అయితే ఈనాటి యువతరం 'ప్లేలిస్టు' అని పిలుచుకునే దానికి పునాది అక్కడే పడింది. శ్రోత తనకు నచ్చిన పాటలను, తాను కోరిన వరుసలో, తన సొత్తుగా దాచుకోవడం నేర్చుకున్నాడు.

పుస్తకాల సంగతీ ఇంతే. వారపత్రికలలోని సీరియల్ పేజీలను జాగ్రత్తగా విడదీసి, చివరి వారం వచ్చిన తరువాత బైండు చేయించి బీరువాలో పెట్టుకున్న కుటుంబాలు వేలకొలది. కొనలేనివారికి వీధి మలుపున అద్దె పుస్తకాల దుకాణం ఉండేది. రోజుకింత అని చెల్లించి నవల తెచ్చుకుని, రాత్రికి రాత్రి ముగించి తిరిగి ఇచ్చేవారు. అదీ లేనివారికి శాఖా గ్రంథాలయం ఉండనే ఉంది. ఆదివారంనాడు హైదరాబాదు ఆబిడ్స్ కాలిబాటపైనా, ఢిల్లీలో పాత పుస్తకాల సంతలోనూ ఒకరి బీరువాలోని పుస్తకం మరొకరి బీరువాకు చేరేది.

ఈ వ్యవస్థలో లోపాలు అనేకం. సరుకు దొరకదు, దొరికినా ధర అందదు. కాని ఒక స్పష్టత ఉండేది. అద్దెకు తెచ్చుకున్నవాడికి అది అద్దె అని తెలుసు. కొన్నవాడికి అది తనదని తెలుసు.

ఎనభై తొమ్మిది సెంట్ల నవల

కొన్న పుస్తకాన్ని మళ్లీ అమ్ముకునే హక్కు పాఠకుడికి ఎక్కడినుండి వచ్చింది? దీని వెనుక ఒక ఆసక్తికరమైన వ్యాజ్యం ఉన్నది. ఇరవయ్యవ శతాబ్దపు ఆరంభంలో అమెరికాలో బాబ్స్-మెరిల్ అనే ప్రచురణ సంస్థ 'ది కాస్టవే' అనే నవల ప్రచురించి, ఒక డాలరుకన్న తక్కువకు దీనిని అమ్మరాదని పుస్తకంలోనే అచ్చువేసింది. న్యూయార్కులోని మేసీస్ దుకాణంవారు దానిని లెక్కచేయక 89 సెంట్లకు అమ్మారు. వివాదం సుప్రీంకోర్టుకు ఎక్కింది. 1908లో తీర్పు వచ్చింది: ప్రతిని ఒకసారి అమ్మిన తరువాత, ఆపై అమ్మకం ఏ ధరకు జరగాలో శాసించే అధికారాన్ని కాపీరైటు చట్టం ప్రచురణకర్తకు ఇవ్వలేదు. దీనికే 'మొదటి అమ్మకం సూత్రం' అని పేరు. మన 1957 కాపీరైటు చట్టం కూడా పుస్తకాల విషయంలో ఇదే భావాన్ని వేరే మాటలలో చెబుతుంది. ప్రతులను ప్రజలకు విడుదల చేసే హక్కు రచయితది. కాని అప్పటికే చలామణిలో ఉన్న ప్రతులకు ఆ హక్కు వర్తించదు. పాత పుస్తకాల దుకాణం చట్టం నీడలోనే నిలిచి ఉన్నది.

డిజిటల్ సరుకు ఈ సూత్రాన్ని చిక్కులో పడవేసింది. కాగితపు పుస్తకాన్ని ఇచ్చివేస్తే ఇచ్చినవాడి చేయి ఖాళీ అవుతుంది. డిజిటల్ పుస్తకాన్ని ఒక యంత్రంనుండి మరొక యంత్రానికి పంపడమంటే అక్కడ కొత్త ప్రతి పుట్టడమే. వాడిన పాటలను తిరిగి అమ్ముకునే వేదికగా అమెరికాలో ఆరంభమైన రీడిజి అనే సంస్థ ఈ చిక్కులోనే కూలిపోయింది. పాట బదిలీ అయ్యేటప్పుడు కొత్త ప్రతి తయారవుతున్నది కనుక పాత సూత్రం వర్తించదని 2018లో అప్పీలు న్యాయస్థానం నిర్ధారించింది. మరుసటి సంవత్సరం, 2019 డిసెంబరులో, నెదర్లాండ్స్‌కు చెందిన టామ్ కాబినెట్ వ్యాజ్యంలో యూరపు న్యాయస్థానం వాడిన ఈ-పుస్తకాల అమ్మకాన్ని గురించి ఇటువంటి తీర్పే చెప్పింది.

ఫలితమేమిటి? వంద రూపాయల అచ్చు పుస్తకానికి, చదివిన తరువాత కూడా ముప్పయ్యో నలభయ్యో విలువ మిగులుతుంది. డిజిటల్ పుస్తకానికి కొన్న క్షణంనుండి తిరిగి అమ్మే విలువ సున్న. ధరలోని తగ్గింపును లెక్కవేసుకునే పాఠకుడు ఈ సున్నను కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉన్నది.

రాత్రికి రాత్రి మాయమైనవి

2009 జులైలో అమెరికాలోని కొందరు పాఠకులు తమ కిండిల్ యంత్రాలు తెరిచి చూసేసరికి, డబ్బు చెల్లించి కొన్న రెండు పుస్తకాలు కనిపించలేదు. వాటిని అమ్మకానికి పెట్టిన సంస్థకు ఆ దేశంలో ప్రచురణ హక్కు లేదని తెలిసి, అమెజాన్ సంస్థ దూరంనుండే వాటిని తుడిచివేసి, డబ్బు తిరిగి ఇచ్చింది. వ్యవహారం న్యాయంగానే ముగిసినట్లు అనిపించవచ్చు. కానీ పొరపాటున దొంగసొత్తు అమ్మిన పుస్తక వ్యాపారి, అర్ధరాత్రి కొనుగోలుదారుడి ఇంట ప్రవేశించి, పుస్తకం తీసుకుని, బల్లమీద డబ్బు పెట్టి వెళ్లిపోతే ఎవరూ దానిని న్యాయం అనరు. ఆ పుస్తకాలు బీహారులోని మోతీహారిలో 1903లో జన్మించిన జార్జి ఆర్వెల్ రచనలు కావడం చరిత్ర ఆడిన పరిహాసం. అందులో ఒకటైన '1984' నవలలో, ప్రభుత్వానికి నచ్చని పత్రాలను ఆనవాలు లేకుండా దహించే యంత్రాంగం ఒకటి ఉంటుంది. సంస్థ అధిపతి జెఫ్ బెజోస్ అనంతరం బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నాడు.

పదేళ్ల తరువాత, 2019లో, మైక్రోసాఫ్ట్ సంస్థ తన ఈ-పుస్తకాల దుకాణాన్ని మూసివేసింది. ఒక దుకాణం మూతపడటం విశేషం కాదు. మూతపడిన దుకాణంతోపాటు అంతవరకు అమ్ముడైన పుస్తకాలన్నీ పాఠకుల యంత్రాలలో తెరుచుకోకుండా పోవడమే విశేషం. కంపెనీ సొమ్ము తిరిగి ఇచ్చింది. పుస్తకాల అంచులలో సొంత వ్యాఖ్యలు రాసుకున్నవారికి అదనంగా 25 డాలర్లు ఇచ్చింది. ఒక విద్యార్థి ఏడాదిపాటు చదువుతూ రాసుకున్న గురుతులకు 25 డాలర్లు తగిన వెలయా అన్నది చర్చించదగిన విషయమే.

కొన్న ఈ-పుస్తకాన్ని కిండిల్ జాలస్థలంనుండి కంప్యూటరులోకి దించుకుని, తీగద్వారా యంత్రంలోకి ఎక్కించుకునే సౌకర్యాన్ని అమెజాన్ 2025 ఫిబ్రవరిలో తొలగించింది. పాఠకుడి చేతిలో ఉన్న తాళంచెవులలో ఒకటి అలా తగ్గింది. ఈ ధోరణిని గమనించిన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో ఒక చట్టం చేసింది. కొనుగోలుదారుడికి అందుతున్నది కేవలం అనుమతి మాత్రమే అయినప్పుడు, ఆ సంగతి స్పష్టంగా తెలియజేయకుండా 'కొనండి' అనే మాట వాడరాదని శాసించింది. 2025 జనవరి 1నుండి ఆ చట్టం అమలులో ఉన్నది. ఒక క్రియాపదాన్ని సరిగా వాడమని వ్యాపారులకు చెప్పడానికి శాసనసభ పూనుకోవలసి వచ్చిందంటే, ఆ పదం ఎంత జారిపోయిందో ఊహించవచ్చు.

సొంతం కాని దశకు నేరుగా

భారతదేశపు కథ కొంత భిన్నమైనది. పాశ్చాత్య దేశాలలో శ్రోత కేసెట్టునుండి కాంపాక్టు డిస్కుకు, అక్కడినుండి పాటకింత అని డబ్బిచ్చి దించుకునే దశకు, ఆ తరువాతనే నెలవారీ చందాకు చేరాడు. 2003లో ఆపిల్ సంస్థ తెరిచిన ఐట్యూన్స్ దుకాణం ఆ నడిమి మెట్టు. మన దేశంలో ఆ మెట్టు నిలవలేదు. ఫ్లిప్‌కార్ట్ సంస్థ 2012లో 'ఫ్లైట్' అనే పేరుతో పాటలమ్మే డిజిటల్ దుకాణం తెరిచి, మరుసటి ఏడే మూసివేసింది. ఊరికే దొరికే పాటకు డబ్బెందుకు ఇవ్వాలన్నది ఆనాటి శ్రోత ప్రశ్న.

అదే శ్రోత మరొక చోట మారుమాటలేకుండా చెల్లించాడు. సెల్‌ఫోను మోగేటప్పుడు అవతలివారికి వినిపించే పాటకు, అనగా కాలర్ ట్యూనుకు, నెలనెలా డబ్బు కట్టాడు. తాను వినని పాటకు, ఇతరుల చెవుల కోసం అద్దె చెల్లించే ఈ విచిత్రమైన కొనుగోలు ఒక కాలంలో మన సంగీత కంపెనీలకు పెద్ద ఆదాయ మార్గం. అందులో మోసమూ ప్రవేశించింది. అడగకుండానే సేవ ఆరంభమై, ముందుగా చెల్లించిన సొమ్ములోనుండి డబ్బు కోతపడుతున్నదన్న ఫిర్యాదులు పెరిగాయి. 2013లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, వినియోగదారుడి సమ్మతిని రెండుసార్లు నిర్ధారించుకోవాలని ఆదేశించవలసి వచ్చింది.

2016 సెప్టెంబరు 5న రిలయన్స్ జియో సేవలు ఆరంభమైన తరువాత డేటా ధర పడిపోయింది. టేపు రికార్డరు తప్ప మరొకటి ఎరుగని ఇల్లు, కంప్యూటరును చూడకుండానే, సెల్‌ఫోనులో కోట్లాది పాటల ముందు నిలిచింది. నెట్‌ఫ్లిక్స్ అదే ఏడాది జనవరిలోనూ, అమెజాన్ ప్రైమ్ వీడియో డిసెంబరులోనూ మన దేశానికి వచ్చాయి. 2020లో తెలుగుకే ప్రత్యేకించిన 'ఆహా' వెలసింది. కాలక్రమేణ ధరలు కూడా ఈ దేశపు జేబుకు తగినట్లు కుదించబడినాయి. రూపాయి షాంపూ పొట్లంతో పెరిగిన విపణి ఇది. నెట్‌ఫ్లిక్స్ సంస్థ 2019లో కేవలం సెల్‌ఫోనుకే పరిమితమైన పథకాన్ని నెలకు 199 రూపాయలకు ప్రవేశపెట్టి, 2021 డిసెంబరులో దానిని 149కి తగ్గించింది.

ప్రపంచమంతటా ఇదే గాలి. 2023లో రికార్డు సంగీతానికి వచ్చిన మొత్తం ఆదాయంలో మూడింట రెండు వంతులు స్ట్రీమింగునుండి, అంటే పాటను దాచుకోకుండా ప్రవాహంలా వినే పద్ధతినుండి, వచ్చినదే.

ప్రవాహానికి సహజంగానే గట్లు మారుతుంటాయి. ఐపీఎల్ క్రికెట్టును సెల్‌ఫోనులో చూసే అభిమాని 2022 వరకు హాట్‌స్టార్‌కు చందా కట్టాడు. 2023లో హక్కులు చేతులు మారి ఆ ఆట జియో సినిమాలో ఉచితంగా వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఆ రెండూ కలిసి జియోహాట్‌స్టార్ అయినాయి. ఆట మారలేదు, ఆడేవారు మారలేదు. చూసేవాడు మాత్రం గుమ్మం తరువాత గుమ్మం ఎక్కవలసి వచ్చింది. ఎయిర్‌టెల్ సంస్థకు చెందిన వింక్ మ్యూజిక్ పదేళ్లు నడిచి 2024లో మూతపడింది. దానిలో పాటలు వినేవారు ఏళ్ల తరబడి ఏర్చి కూర్చుకున్న జాబితాలను మరొక చోట తిరిగి పేర్చుకోవలసి వచ్చింది.

ఈ ప్రవాహానికి ఎదురీదిన ఒక పెట్టె ఉదంతం చెప్పుకోదగినది. 1902లో గౌహర్ జాన్ కంఠాన్ని పట్టుకున్న గ్రామఫోను కంపెనీయే నేటి సారెగామా. 2017లో ఆ సంస్థ 'కారవాన్' అనే పేరుతో, చూడటానికి పాత రేడియోవలె ఉండే పెట్టెను విడుదల చేసింది. ఇంటర్నెట్టు అక్కరలేదు, చందా అక్కరలేదు. అయిదు వేల పాటలు లోపలే నింపి ఉంటాయి. కోట్లాది పాటలు దాదాపు ఉచితంగా దొరికే కాలంలో ఇది ఎవరికి కావాలన్న సందేహాన్ని పటాపంచలు చేస్తూ పెద్దవయసువారు, వారికి కానుక ఇవ్వదలచిన పిల్లలు దానిని కొన్నారు. అమెరికాలో 2022లో, 1987 తరువాత మొదటిసారిగా, పాతకాలపు వినైల్ రికార్డులు సంఖ్యలో కాంపాక్టు డిస్కులను మించి అమ్ముడైనాయి. చేతితో పట్టుకోగల వస్తువుమీద మనిషికి ఉన్న మమకారం తేలికగా చావదు.

చేరడం సులువు, వీడటం కష్టం

చందా పద్ధతిలో వ్యాపారికి లాభం చందాదారుడి మరపునుండి కూడా వస్తుంది. మొదటి నెల ఉచితమంటారు; బ్యాంకు కార్డు వివరాలు ముందే తీసుకుంటారు. రెండవ నెలనుండి డబ్బు తనంత తానే కదులుతుంది. చేరడానికి ఒక మీట చాలు. మానుకోవడానికి మాత్రం పేజీలకు పేజీలు దాటాలి. చూడని చానెలుకు, వినని పాటకు, తెరవని పత్రికకు నెలనెలా కప్పం కట్టే కుటుంబాలు ఉన్నాయి.

మన ప్రభుత్వ యంత్రాంగం ఈ విషయంలో నిద్రపోలేదు. స్వయంచాలక చెల్లింపులపై రిజర్వుబ్యాంకు విధించిన నిబంధనలు 2021 అక్టోబరు 1నుండి పూర్తిగా అమలులోకి వచ్చాయి. డబ్బు కోతపడటానికి కనీసం 24 గంటల ముందు ఖాతాదారుడికి సమాచారం పంపాలి. వద్దనుకుంటే ఆపుకునే వీలు ఉండాలి. 2020 జులై 20న అమలుకు వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, ఆన్‌లైన్ వ్యాపారానికి చెప్పిన నిర్వచనంలో డిజిటల్ ఉత్పత్తులను కూడా చేర్చింది. ఆ చట్టం కింద 2023 నవంబరు 30న వెలువడిన మార్గదర్శకాలు కొనుగోలుదారుడిని తప్పుదారి పట్టించే పదమూడు రకాల తెర ఎత్తుగడలను పేర్కొని నిషేధించాయి. వీడటానికి వీలులేని 'చందా ఉచ్చు' వాటిలో ఒకటి. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915 ఉన్నది. అయితే 'కొనండి' అని రాసి అనుమతిని అమ్మరాదని కాలిఫోర్నియా చెప్పినంత సూటిగా మన చట్టం ఇంకా చెప్పలేదు.

త్రాసులో రెండవ తట్ట

ఇంత చెప్పిన తరువాత, పాత పద్ధతే మేలని తేల్చివేయడం అన్యాయమవుతుంది. చూపులేని పాఠకుడికి అచ్చు పుస్తకం శతాబ్దాలుగా మూసిన తలుపే. అట్టివారికోసం పుస్తకాలను అనువైన రూపంలోకి మార్చడానికి వీలు కల్పించే మర్రకేష్ ఒడంబడికను 2014లో ప్రపంచంలోనే మొదటగా ఆమోదించిన దేశం భారతదేశం. 2016లో 'సుగమ్య పుస్తకాలయ' పేరుతో ఆన్‌లైన్ గ్రంథాలయం వారికి అందుబాటులోకి వచ్చింది. ఇది డిజిటల్ సాంకేతికత లేకుండా సాధ్యమయ్యేది కాదు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఒకప్పుడు భారతీయ కిరాణా దుకాణంలో, పప్పులూ ఊరగాయలతోపాటు, అరిగిపోయిన వీడియో కేసెట్టును అద్దెకు తెచ్చుకుని తెలుగు సినిమా చూసేవి. ఈనాడు అదే చిత్రం స్పష్టమైన బొమ్మతో ఇంటికే వస్తున్నది.

కాని అక్కడ కూడా ఏ భాషకు తలుపు తెరవాలో నిర్ణయించేది దుకాణదారుడే. 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్ అయిదు భారతీయ భాషల పుస్తకాలకు చోటిచ్చింది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఆ జాబితాలో ఉన్నాయి. కోట్లమంది మాట్లాడే తెలుగు లేదు. అంతకు ఆరేళ్ల ముందే, 2010లో, తెలుగువారు స్వయంగా ఆరంభించిన 'కినిగె' ఈ-పుస్తకాల దుకాణం తెలుగు పాఠకుడికి ఆ కొరత కొంత తీర్చింది. ఆ దుకాణం చేసిన ఒక మంచిపని గుర్తుంచుకోదగినది. అనేక పుస్తకాలకు అది కొనుగోలు ధర, అద్దె ధర అని రెండూ వేరువేరుగా చూపింది. వీధి మలుపు అద్దె పుస్తకాల దుకాణంలో ఉన్న పాత నిజాయితీ కొత్త తెరమీదికి వచ్చిన సందర్భమది.

అసలు కీలకం ఇక్కడే ఉన్నది. అద్దె తప్పు కాదు. ఒకసారి చూసి మరచిపోయే చిత్రానికి, ఈ వారపు వార్తకు, ప్రయాణంలో వినే పాటకు అద్దె చాలు. సొంతం చేసుకుంటే అది డబ్బుకూ చోటుకూ దండగ. అద్దెను కొనుగోలని నమ్మించడమే తప్పు. నమ్మి, నిలవవలసినవాటిని కూడా అద్దె గదిలోనే ఉంచి నిశ్చింతగా ఉండటం కొనుగోలుదారుడి వైపు తప్పు.

కనుక డబ్బు చెల్లించే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవడం మంచిది. ఈ సరుకును దించుకుని, అమ్మిన దుకాణం మూతపడినా తెరవగలిగే రూపంలో దాచుకోవచ్చునా? మరొకరికి ఇవ్వవచ్చునా? చందా ఆపివేస్తే ఏది మిగులుతుంది? ఆపివేయడం ఎలాగో చేరేముందే తెలుసునా? ఇంట్లో ఒక కాగితంమీద నడుస్తున్న చందాలన్నిటినీ, వాటి గడువు తేదీలతో రాసి గోడకు అంటించుకుంటే సగం దుబారా తగ్గుతుంది. పిల్లలు తిరిగి తిరిగి చదివే పుస్తకాన్ని, ఇంటిల్లిపాది ప్రాణంగా చూసుకునే కావ్యాన్ని, వృత్తికి అవసరమైన నిఘంటువును వీలైనంతవరకు అచ్చులోనే కొనాలి. ఫోనులో తీసుకున్న కుటుంబ ఛాయాచిత్రాలను, పెద్దల కంఠాల రికార్డులను ఒక్క కంపెనీ దయకు వదలక రెండు మూడు చోట్ల దాచాలి.

బహుళ ప్రతులే రక్ష అనడానికి ఒక పెద్ద ఉదాహరణ ఉన్నది. చిత్తూరు జిల్లాలో పుట్టిన కంప్యూటరు శాస్త్రవేత్త రాజ్ రెడ్డి ముఖ్యులుగా నడిచిన పదిలక్షల పుస్తకాల పథకంలో భాగంగా, 'డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా' వేలకొలది పాత తెలుగు పుస్తకాలను తెరకెక్కించింది. తరువాతి కాలంలో ఆ జాలస్థలం పాఠకులకు అందకుండా పోయింది. అయినా ఆ పుస్తకాలు నశించలేదు. అప్పటికే వాటి ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ, ఎందరో పుస్తకప్రియుల కంప్యూటర్లలోనూ చేరి ఉన్నాయి. దించుకోవడానికి అనుమతి ఉన్నందువల్లనే అవి బ్రతికి బయటపడినాయి. తాళం ఒకరి చేతిలోనే ఉండి ఉంటే, ఆ తాళంతోపాటే పోయి ఉండేవి.

ఒక తరం చదివినది, విన్నది తరువాతి తరానికి చేరే మార్గాలలో ఇంటి బీరువా ఒకటి. తాతగారి సంతకం ఉన్న పుస్తకం మనుమరాలికి దొరకడానికి వీలునామా అవసరం లేకపోయింది. ఆ పుస్తకం ఇంట్లో ఉండటమే చాలింది. చందాకు వారసులు ఉండరు. కట్టేవాడితో అది ముగుస్తుంది. పాతకాలపు వ్యాపారి సరుకును తూచి ఇచ్చేవాడు, నేటి వ్యాపారి కాలాన్ని తూచి ఇస్తున్నాడు. వెల ఎంత అని అడగడం కొనుగోలుదారుడికి ఎప్పుడూ తెలిసిన విద్యే. ఎంతకాలానికి అని అడగడం ఇక అలవాటు చేసుకోవాలి.